ఆరో ఛైర్మన్‌కీ ఏడో ఛైర్మన్‌కీ మధ్య

సోమవారం పొద్దున మొగలిపేట మున్సిపల్ ఆఫీసు తెరిచేసరికి, కౌన్సిల్ హాల్లో పాత ఛైర్మన్ల ఫోటోలున్న గోడ మూరెడు పెరిగి ఉంటుంది. పెరిగింది చివర కాదు, ఆరో ఛైర్మన్‌కీ ఏడో ఛైర్మన్‌కీ మధ్య. అక్కడ సరిగ్గా ఒక ఫోటో పట్టే ఖాళీ.

ఇంజనీరు టేపు పెట్టి చూసి, గోడ కొలత సరిగానే ఉందంటాడు. తక్కువైంది ఛైర్మన్లేనట.

ఇప్పటి ఛైర్మన్ సూరిబాబు, సీనియర్ అసిస్టెంట్ హైమావతిని పిలిపిస్తాడు. ఊరి ఛైర్మన్ల చరిత్ర రాసింది ఆవిడే. మున్సిపాలిటీ వందేళ్ళ పండక్కి వేసిన ఆ పుస్తకంలో పదమూడు మంది ఉన్నారు.

"ఆ మధ్యలో ఇంకెవరో ఉండాలి హైమావతి గారూ. భోజనాల వేళకి కనుక్కుని రండి," అంటాడు.

కనుక్కోవలసిందేమీ లేదు. ఆ మనిషి హైమావతి పిన్ని, సుభాషిణి. పందొమ్మిది రోజులు ఛైర్మన్‌గా ఉంది. పందొమ్మిదో రోజున కుళాయిలన్నీ ఎండిపోయాయి, పిన్ని కనపడకుండా పోయింది. ఊరి నీళ్ళు ఎత్తుకుపోయిందని అందరూ అనుకున్నారు. అవిశ్వాస తీర్మానం ఎవరూ చెయ్యెత్తకుండానే నెగ్గింది. హైమావతికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ట్యాంకర్ లారీ దగ్గర బిందె పెడితే ఆడవాళ్ళు కాలితో దాన్ని వరస చివరికి జరిపేవారు. అమ్మ ఇంట్లో చెల్లెలి పేరు ఎత్తడం మానేసింది. ఈ ఆఫీసులో చేరి ఇరవై ఆరేళ్ళయినా హైమావతి తనెవరి అక్క కూతురో ఎవరికీ చెప్పలేదు. పుస్తకం రాసేటప్పుడు ఆ పందొమ్మిది రోజుల దగ్గర చెయ్యి ఆగింది. అయినా పేజీ తిప్పేసింది.

ఖాళీ దగ్గర గోడ నానిన అట్టలా మెత్తగా ఉంటుంది. హైమావతి భుజం ఆనిస్తే దారిస్తుంది.

లోపల గదులు, ఒకదాని వెనక ఒకటి. ఎవరు ఎన్నాళ్ళు పదవిలో ఉంటే వాళ్ళ గది అంత పొడుగు. మొదటి ఛైర్మన్ ఇంకా వీధి దీపానికి రిబ్బను కత్తిరిస్తూనే ఉన్నాడు. అవతలి కొస పట్టుకోమంటే హైమావతి పట్టుకుంటుంది. తెగిన రిబ్బను మళ్ళీ అతుక్కుంటుంది. ఆయన ఏమీ అనుకోడు, కత్తెర తుడుచుకుంటాడు.

మూడో ఆయనది పదిహేడేళ్ళ గది. నడిచేసరికి గంట పడుతుంది. కుర్చీలో బిగుసుకుని కూర్చున్న ఆయన, ఎన్నికలు ప్రకటించారా అని అడుగుతాడు. ఎప్పుడో జరిగిపోయాయని, మళ్ళీ మళ్ళీ జరిగాయని చెబుతుంది.

"అయితే నేను లేవచ్చా?"

"లేవచ్చండీ."

ఆయన బూట్లు విప్పి, కాలి వేళ్ళు ఒక్కొక్కటే కదిపి చూసుకుంటాడు. మొహంలో బిగువంతా సడలుతుంది.

ఆరో గది దాటాక పిన్ని గది. బీరువా అంతే ఉంటుంది, నుంచుంటేనే పడతారు. నేత చీరలో, భుజాన సంచితో, పిన్ని అప్పటి ముప్ఫై నాలుగేళ్ళ మనిషిలాగే నుంచుని ఉంది. వెనక అరల్లో ఊరి నీళ్ళు, ఉతికి మడతపెట్టిన దుప్పట్లలా దొంతర్లు పేర్చి ఉన్నాయి.

"హైమవు కదూ. నాకన్నా పెద్దదానివయ్యావు. ఇక అడగాల్సింది నువ్వే, అడుగు."

హైమావతి అరల వైపు చెయ్యి చూపిస్తుంది. "అన్ని నీళ్ళూ ఎందుకు పట్టుకుపోయావు పిన్నీ?"

పిన్ని నిదానంగా చెబుతుంది. ఆ ఏడాది రంగుల ఫ్యాక్టరీ మురుగు ఊరి నీళ్ళలో కలిసింది. మూడు వీధుల పిల్లలు మంచం పట్టారు. కౌన్సిల్లో చెబితే, పరీక్ష రిపోర్టు రానివ్వండి చూద్దామన్నారు. రిపోర్టు వచ్చేదాకా జనం దాహం ఆపుకోరు. అందుకని నీళ్ళని మడిచి తనతో లోపలికి తెచ్చేసుకుంది.

"పట్టుకుపోలేదే. తేరనిచ్చాను. మురికి అడుక్కి దిగడానికి ఇన్నేళ్ళు పట్టింది."

హైమావతి పై మడత కొస ఎత్తి చూస్తుంది. అందులోంచి తన చేతి గీతలు కనిపిస్తున్నాయి. కొస నోటికి ఆనించుకుని తాగుతుంది. చల్లగా దిగుతున్న కొద్దీ, నలభై మూడేళ్ళుగా పక్కటెముకల కింద గట్టిగా పట్టి ఉన్నదేదో వదులవుతుంది.

"పుస్తకంలో నీ పేరు రాయలేదు పిన్నీ. కావాలనే రాయలేదు."

"తెలుసు. పందొమ్మిది రోజులకి గది పొట్టిదైంది, పేరు లేక ఇంత ఇరుకైంది. ఇప్పుడు రాస్తావుగా."

రాస్తానంటుంది. అనగానే గదిలో ఇద్దరూ కూర్చునేంత చోటవుతుంది. కాసేపు కూర్చుంటారు. తర్వాత దొంతర్లు భుజాన వేసుకుని బయటికొస్తారు.

హాల్లో సూరిబాబు, ఎవరీవిడ అని అడుగుతాడు.

"మా పిన్ని. అసలు ఏడో ఛైర్మన్," అంటుంది హైమావతి, హాలంతా వినపడేలా. తర్వాత జరిగిందంతా చెబుతుంది.

ఆ మూడు వీధుల పిల్లల్లో తనూ ఒకణ్ణని, కుళాయి ఆగిపోయిన వారానికే మంచం దిగానని సూరిబాబు మెల్లగా చెబుతాడు. లేచి, తన కుర్చీ సుభాషిణి వైపు జరుపుతాడు. ఆవిడ కూర్చోదు. ముందు నీళ్ళు వదలాలంటుంది.

ఆఫీసు మేడ మీద నుంచి ఒక్కో మడతా విప్పి కుళాయి గొట్టాల్లోకి వదులుతారు. ఊరంతా కుళాయిల కింద దోసిళ్ళు పడుతుంది. జనం తాగిన కొద్దీ, ఇన్నేళ్ళూ బిగుసుకుని నిలబడ్డ పోస్టాఫీసు, సినిమా హాలు, మేడలు ఒక్కొక్కటే మోకాళ్ళు ముడుచుకుని గొంతుక్కూర్చుంటాయి. చివరికి పెద్ద వాటర్ ట్యాంకు నాలుగు కాళ్ళూ చాపి మెయిన్ రోడ్డుకి అడ్డంగా పడుకుని, గట్టిగా ఊపిరి వదులుతుంది. రాజమండ్రి బస్సు డ్రైవరు హారన్ కొట్టకుండా, దాని తల పక్కనుంచి నెమ్మదిగా చుట్టూ తిరిగి వెళ్తాడు.