కుడిపక్క, అక్కా

ఆ సోమవారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళం అక్క, బావ, నేను, కింది వాటాలో ఉండే ఇంటావిడ. బావ లెక్క మాత్రం వేరు. టీ కప్పులు కడుగుతూ, "మనం నాలుగూ ముప్పావు మందిమి" అన్నాడు. అక్కకి ఏడో నెల నిండింది. ఏడు నెలలకి ముప్పావు సరిపోతుందట.

"ఆ ముప్పావు మనిషి లోపలనించి తంతోంది. ఆ లెక్క కూడా మీరే చూసుకోండి" అంది అక్క, కుర్చీలోంచి లేవకుండానే.

పది గంటలకి అక్కకి డ్రైవింగ్ పరీక్ష. అప్పటికే రెండుసార్లు తప్పింది.

అక్క ఈ పరాయి దేశంలో ఒక వృద్ధాశ్రమంలో నర్సు. ఈమధ్యే ఈ ఊరి ఆసుపత్రి వాళ్ళు ఆమెని పిలిచి ఇంకో ఉద్యోగం ఇస్తామన్నారు. కారులో ఇంటింటికీ తిరిగి, మంచం దిగలేని రోగులకి కట్లు కట్టాలి, సూదులు వెయ్యాలి. కాన్పు సెలవు అయ్యాక చేరవచ్చు కానీ లైసెన్సు మాత్రం ఈ నెలాఖరులోగా చూపించాలి. ఇవాళ తప్పితే మళ్ళీ పరీక్షకి తేదీ దొరికేది రెండు నెలల తరవాతే. ఆలోగా ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

నేను మా ఊళ్ళో పదో తరగతి పరీక్షలు రాసి ఇక్కడికి వచ్చాను. అమ్మ తొమ్మిదో నెలకి వస్తుంది. అందాకా అక్కకి తోడుగా నన్ను పంపింది. "దీన్ని తోడు పంపడమూ ఒకటే, గోడని పంపడమూ ఒకటే" అని మేనత్త నవ్వింది. ఆవిడ తప్పు లేదు. మా ఊరి బడిలో హాజరు పిలిచేటప్పుడు నా గొంతు వినపడేది కాదు. మాస్టారు తలెత్తి, నేను కనిపిస్తే టిక్కు పెట్టుకునేవారు. బావ నాకు మూగనోము అని పేరు పెట్టాడు. నా మాటలన్నీ డైరీలోకే పోతాయి.

ఈ వేసవిలో శని ఆదివారాలు ఒక్కటీ వదలకుండా ఊళ్ళు తిరిగాము. పేరుకి షికారు, నిజానికి ఈ మూడో పరీక్షకి అక్క చేత డ్రైవింగ్ సాధన చేయించడం. బావ పక్కన కూర్చునేవాడు. నేను వెనక, మధ్యలో, పళ్ళూ నీళ్ళూ ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. మొదటి వారం సరస్సు, రెండో వారం కొండమీది పాత కోట, మూడో వారం సముద్రం. నా డైరీలో మాత్రం వాటి అందాల కన్నా బాత్రూములే ఎక్కువ ఉన్నాయి. అక్క ముప్పావు గంటకోసారి ఆగాల్సిందే. "కోట: మెట్లు నూట నాలుగు. బాత్రూమ్ మెట్ల కిందే. శుభ్రం." "సముద్రం: నీళ్ళు చల్లన. బాత్రూమ్ దూరం. పరుగు."

ఒకసారి అక్క ఆ డైరీ లాక్కుని చూసి, "నా గొప్పలు రాయవే అంటే నా తిప్పలు రాస్తున్నావా?" అని నెత్తిన మొట్టింది.

డ్రైవింగ్ అక్కకి బాగానే వచ్చు. మొదట్లో ప్రతి మలుపులోనూ హారన్ కొట్టేది, రోడ్డు దాటుతున్న బాతులమీద కూడా. ఇక్కడ హారన్ కొడితే తిట్టినట్టట. అది పది రోజుల్లో మానేసింది. మానలేకపోయింది వేరే. మన దగ్గర రోడ్డుకి ఎడమపక్క పోతాము. ఇక్కడ కుడిపక్క పోవాలి. ముందు ఇంకో కారు ఉంటే దాని వెనకే చక్కగా పోయేది. ఎక్కడైనా ఆగి, మళ్ళీ బయల్దేరి, ఖాళీ రోడ్డు ఎక్కిందా, ఇక అంతే. మన ఊళ్ళో నర్సింగ్ కాలేజీకీ, ఆ తరవాత ఆసుపత్రికీ ఎనిమిదేళ్ళు స్కూటర్ నడిపిన చేతులు తిన్నగా ఎడమపక్కకి పోయేవి. రెండు పరీక్షలూ అలాగే పోయాయి.

సరస్సు దగ్గర మొదటిసారి అది చూశాను. బావ వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడు. కారు పార్కింగులోంచి బయటికొచ్చి ఎడమకి జరుగుతోంది. దూరంగా ఒక లారీ ఎదురొస్తోంది. నా నోరు పెగల్లేదు. అక్క భుజం పట్టుకుని ఊపేశాను. ఆ తరవాత ఎక్కడినించో నాకే తెలియని గొంతొకటి వచ్చింది.

"కుడిపక్క! అక్కా, కుడిపక్క!"

అక్క ఒక్క తిప్పు తిప్పింది. లారీ మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. బావ సగం కట్టిన బూటుతోనే వెనక్కి తిరిగాడు. "ఒసేయ్ మూగనోమూ, ఇంత గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే?"

ఆ రోజునించీ అదే నా ఉద్యోగం. ఎక్కడ ఆగి బయల్దేరినా నేను "కుడిపక్క, అక్కా" అనాలి, అక్క "సరే తల్లీ" అనాలి. అమ్మకి ఫోన్లో బావ చెప్పాడు: "మీ చిన్నమ్మాయి చెప్పందే ఇక్కడ బండి కదలదండీ." ఆ రాత్రి డైరీలో ఆ మాట రెండుసార్లు రాసుకున్నాను.

మొన్న శనివారం బావకి బేకరీలో పని పడింది. అక్కడ యంత్రాలు చెడిపోతే ఆయనే వెళ్ళాలి. అందుకని ఇంటావిడ మాతో వచ్చింది. ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైంది. నదిపక్క పార్కింగులో ఆగి, తెచ్చుకున్నవి తిన్నాము. బయల్దేరేటప్పుడు నేను అలవాటుగా "కుడిపక్క, అక్కా" అన్నాను. అక్క కుడిపక్కకే వెళ్ళింది. ఇంటావిడ కారు ఆపించి, వాళ్ళ భాషలో నెమ్మదిగా ఏదో చెప్పింది. వాళ్ళ మాటలు నాకు సగమే అర్థమవుతాయి, మిగతా సగం అక్క చెప్పాలి. అక్క చెప్పలేదు.

"ఏమంటున్నారు?" అన్నాను.

"ఏం లేదులే."

"నన్నేదో అన్నారు కదా. నన్ను చూసే అన్నారు."

అక్క స్టీరింగ్‌ని రుద్దింది. "నువ్వు చెప్పినన్నాళ్ళూ నా చేతులకి అది పట్టుబడదంట. ఈ కారు నేను నడపట్లేదంట, నీ నోరు నడుపుతోందంట." అద్దంలో నన్ను చూసి, "నిజమేనే. పరీక్షలో వెనక నువ్వుండవుగా" అంది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదహారేళ్ళకి నా గొంతు ఒకళ్ళకి పనికొచ్చిందని సంబరపడుతున్నాను. తీరా చూస్తే అక్కకి అడ్డం పడుతున్నది అదేనట. అలా అని ఆవిడమీద కోపం తెచ్చుకోవడానికీ లేదు. నేను చున్నీ కొస ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాను.

"సరే, మళ్ళీ లోపలికి పోనిచ్చి బయటికి రా అక్కా" అన్నాను. చున్నీలోంచి అది ఎలా వినపడిందో గానీ ఇంటావిడ పగలబడి నవ్వింది.

మొదటిసారి అక్క ఎడమకే వెళ్ళింది. నేను చున్నీని కొరికాను. కరెంటు స్తంభం దాకా వెళ్ళాక తనే "అయ్యో నా మతిమండా" అని పక్కకి జరిపింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. అప్పుడు అక్క ఇంజన్ ఆపేసి, తనలో తనే మాట్లాడుకున్నట్టు అంది: "ఎంత హడావిడిలో ఉన్నా, మందు ఇచ్చేముందు మూడుసార్లు చూసుకుంటానా లేదా? మందు, మనిషి, మోతాదు. రోడ్డుకి మాత్రం చూడకుండా ఎగబడతానేంటి?"

నాలుగోసారి గేటు దగ్గర పూర్తిగా ఆపింది. కుడిపక్క అని చప్పుడు లేకుండా పెదవులు మూడుసార్లు కదిలాయి. కుడిపక్కకి వెళ్ళింది.

"మళ్ళీ" అంది అక్క.

పదకొండుసార్లు ఆ పార్కింగులోంచి బయటికొచ్చాము. నాలుగునించి పదకొండు దాకా ఒక్కటీ తప్పలేదు. ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్న ముసలాయన చేపలు వదిలేసి మమ్మల్నే చూశాడు. సాయంత్రం బావకి సంగతంతా చెబితే, "మొత్తానికి మూగనోముని నిజంగానే మూగదాన్ని చేసిందన్నమాట మన ఇంటావిడ" అన్నాడు.

సోమవారం పది గంటలకి పరీక్షల ఆఫీసు ఆవరణలో నేనూ బావా గోడవార నిలబడ్డాము. పరీక్ష పెట్టే ఆయన అట్టముక్కమీద కాగితాలు పెట్టుకుని మా కారులోనే అక్క పక్కన కూర్చున్నాడు. అక్క నడుం వెనక దిండు సర్దుకుంది. పొట్టకీ స్టీరింగ్‌కీ మధ్య నా జానెడు చోటు కూడా లేదు. కారు గేటు దాకా వెళ్ళి ఆగింది.

బయట రోడ్డు ఖాళీ. ఒక్క బండి లేదు.

కారు కదల్లేదు. "ఏమైందే, ఆగిపోయిందా?" అన్నాడు బావ. నా నోరు దానంతటదే తెరుచుకుంది. రెండు చేతులతోనూ మూసుకున్నాను. లోపల అక్క పెదవులు కదులుతున్నాయని నాకు తెలుసు. ఒకటి, రెండు, మూడు. కారు నెమ్మదిగా బయటికి వెళ్ళి, కుడిపక్కనే, గీత గీసినట్టు సాగిపోయింది.

నలభై నిమిషాల తరవాత తిరిగొచ్చింది. ఆయన దిగి అక్క చేతికి ఒక కాగితం ఇచ్చాడు. బావ పరిగెత్తాడు. "ఏమైంది? వచ్చిందా, పోయిందా?"

"ముందు దారి వదలండి మహాప్రభో!" అని అక్క ఆయన్ని తోసుకుని బాత్రూమ్‌కి పోయింది. ఆ నాలుగు నిమిషాలూ బావ గోళ్ళు కొరుకుతూనే ఉన్నాడు. నేను కంగారుపడలేదు. ఆ నడక చూస్తేనే తెలిసిపోయింది. అంత పొట్టతోనూ అక్క వీపు నిటారుగా ఉంది.

బయటికొచ్చి కాగితం విప్పి చూపించింది. బావకి మాట రాలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "ఇప్పుడు మూగనోము మీరా, నేనా?" అన్నాను. అంత పెద్ద మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. అక్క విరగబడి నవ్వింది.

"ఇప్పుడే వెళ్ళి ఆసుపత్రి ఆఫీసులో ఇది చూపించేస్తాను" అంది.

నేను అలవాటుగా వెనక తలుపు తీసి, ఎక్కి, సంచీ ఒళ్ళో పెట్టుకున్నాను. అక్క డ్రైవర్ సీటు దాకా వెళ్ళింది, ఎక్కలేదు. చుట్టూ తిరిగి నా దగ్గరికొచ్చింది.

"దిగు."

"ఎందుకక్కా? నేనేం మాట్లాడను. చున్నీ ఉందిగా."

"నువ్వు మాట్లాడతావని కాదే. రేపు రోగుల ఇళ్ళకి వెళ్ళేటప్పుడు వెనక సీట్లో ఎవరుంటారు నాకు? మొదటిసారి ఒక్కదాన్నే వెళ్ళాలి."

"మరి నేనూ?" అన్నాడు బావ.

"మీరిద్దరూ బస్సులో రండి. ఇంటావిడకి చెప్పండి, నేను వచ్చేటప్పటికి టీ పెట్టమని."

దిగాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఊరుకాని ఊళ్ళో, ఏడో నెల పొట్టతో, దారి తనే చూసుకుని పోయే మనిషి మా అక్క. ఆ మాట గేటు దగ్గరున్న వాళ్ళందరికీ వినపడేలా అరిచి చెప్పాలనిపించింది. సంచీ ఇంకా లోపలే ఉందని చెయ్యి చాచాను. అక్క అది నాకు అందించి, నా బుగ్గ గిల్లి, నా మొహమ్మీదే ధడాలున తలుపు వేసేసింది.