గట్టు మీద కరెంటు సైకిలు

మా ఆయన చంద్రమోహన్‌కి ఏదైనా కొనాలని బుద్ధి పుడితే ముందు నోరు మూతపడుతుంది. కొన్నాళ్ళు ఫోనులో తల దూర్చి కూర్చుంటాడు. అన్నం పెడితే తింటాడు గానీ ఏం కూర వండానో కూడా చూడడు. ఆ తర్వాత ఒకరోజు వాకిట్లో బండి ఆగి సామాను దిగుతుంది. ఈసారి దిగింది మనిషెత్తు అట్టపెట్టె.

"ఫ్రిజ్జాండీ?" అన్నాను ఆశగా.

"సైకిలు. కరెంటుది. కొండలెక్కే రకం" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మన క్యాంపులో కొండెక్కడుందండీ? చూద్దామంటే చీమల పుట్ట కూడా లేదు. ఇంట్లో మోటారు సైకిలు నిక్షేపంలా ఉండగా ఈ వయసులో మీకిదేం సరదా?"

"కొండకి కాదే, గట్టుకి" అన్నాడు అట్టపెట్టె కోస్తూ. ఆ మాటతో నా నోరు కాస్త తగ్గింది.

మాది రాయచూరు వైపు తుర్విహాళ దగ్గర క్యాంపు. వలసొచ్చిన రైతుల ఊళ్ళని ఇక్కడ అలాగే అంటారు. తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తలో మా తాతలు గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని వరి వేశారు. మంచి భూములన్నీ ముందొచ్చినవాళ్ళు కొనేసుకున్నారు. మా మామగారి వంతుకి పిల్లకాలువ చిట్టచివరి పొలం దక్కింది. కాలువ చివర పొలమంటే పెళ్ళి పంక్తిలో ఆఖరి విస్తరే. బూరెల గంప మన దాకా వచ్చేసరికి అడుగున నెయ్యి మరకలే ఉంటాయి. ఒక వారం నీళ్ళు వదులుతారు, ఒక వారం కట్టేస్తారు. ఆ వదిలిన వారంలోనే పైనున్నవాళ్ళెవరో గట్టు మీంచి పైపులేసి గుంజుకుంటారు. పట్టుకుందామని మోటారు సైకిలు మీద వెళ్తే దాని డుబడుబ చప్పుడు మనకంటే ముందే వెళ్ళి కబురు చెప్తుంది. మనం వెళ్ళేసరికి పైపుండదు. గట్టు మీద తడి బురద మాత్రం ఉంటుంది. నడిచి వెళ్తే ఇక్కడ చూసేలోపు అక్కడ వేస్తారు. అందుకని మా ఆయన చప్పుడు చేయని బండి వెతికాడు. గట్టంతా గుంటలూ రాళ్ళూ కాబట్టి లావు టైర్లది కావాలనుకున్నాడు.

చేను అప్పటికి పొట్ట మీదకి వస్తోంది. వరి పొట్ట మీదున్నప్పుడు మడి ఎండితే కంకి బయటికొస్తుంది గానీ లోపల గింజుండదు, అంతా తాలే. క్రితం పంట అలాగే పోయింది. ఇదీ పోతే భూమి అమ్మేసి సింధనూరులో ఏదైనా కొట్టు పెట్టుకుందామని మా ఆయన తేల్చి చెప్పేశాడు. కొట్టులో కూర్చుని పప్పులు తూచే మొహాలా మావి? నాకు ఆ మాట తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

సైకిలు బిగించడానికి మా అన్నయ్య బాపయ్య వచ్చాడు. ఆయన పొలం కూడా ఇదే కాలువ మీద, మాకు బాగా పైన ఉంటుంది. "ఏం బావా, సర్కసులో చేరతావేంటి?" అంటూనే తువ్వాలు నడుముకి చుట్టి కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి ముందు హ్యాండిలు వెనక్కి బిగించారు. దాన్ని ఊడదీసి సరిచేశాక ఎడమ పెడలు ఎక్కలేదు. కుడికి తిప్పి తిప్పి మా ఆయనకి చెమటలు పట్టాయి. ఎడమ వైపుది ఎడమకే తిప్పాలట! కూడా వచ్చిన కాయితం మీద బొమ్మ గీసుంది, చూసే ఓపిక ఉంటే కదా ఈ మగవాళ్ళకి. నేను చూసి చెప్పాను.

"ఈసారి దొరికితే వదలొద్దు బావా" అన్నాడు అన్నయ్య లేస్తూ. "పైనోళ్ళ ఆగడం మరీ ఎక్కువైపోయింది."

బ్యాటరీకి ఎండ తగలకూడదట, అది తడవకూడదట, పూర్తిగా ఖాళీ కానివ్వకూడదట. చంటిపిల్ల సాకుడు అనుకోండి. దాన్ని తీసుకెళ్ళి దేవుడి గది పక్కన పెట్టి ఛార్జింగు పెట్టాను.

శుక్రవారం పూజ చేశాం. కొత్త ట్రాక్టరొచ్చినా, ఆఖరికి మందు కొట్టే పంపు వచ్చినా కొబ్బరి నూనె గుడ్డతో ఒళ్ళంతా తుడిచి, పసుపు రాసి, బొట్లు పెట్టడం మా ఇంట్లో ఆనవాయితీ. సైకిలు చక్రం మధ్యలో చిల్లులు చిల్లులుగా తళతళలాడే పళ్ళెమొకటి ఉంది. అచ్చం విష్ణుమూర్తి చక్రంలా ఉందే అని ముచ్చటపడి, దానికి ఇంకాస్త ఎక్కువ నూనె పట్టించి చుట్టూ పసుపు పూశాను. నిమ్మకాయ తొక్కించి, కొబ్బరికాయ కొట్టి మా ఆయన్ని ఎక్కించాను.

వీధి చివర బ్రేకు నొక్కాడు. అమ్మో, ఆ కీచు! పందిని కోస్తున్నారనుకున్నారు జనం. చప్పుడు లేని బండి కదా అని కొంటే ఇది మోటారు సైకిలునే మించిపోయింది. రైతుకి ఏది కీచుమన్నా తెలిసిన వైద్యం ఒకటే కాబట్టి మా ఆయన బుడ్డితో ఇంజను నూనె తెచ్చి ఆ పళ్ళెం మీద పోశాడు. కీచు ఆగిపోయింది. దాంతో పాటు బ్రేకూ పోయింది. ఆ సంగతి కాలువ గట్టు దిగేటప్పుడు తెలిసింది ఆయనకి. గడ్డివాము అడ్డం రాకపోతే ఏమయ్యేదో! కుడి మణికట్టు వాచి కట్టు పడింది.

"ఇంకెవరు తిరుగుతారే గస్తీ?" అన్నాడు కట్టు వంక చూసుకుంటూ, దిగులుగా.

"నేను తిరుగుతాను" అన్నాను. చిన్నప్పుడు క్యాంపు నుంచి తుర్విహాళ బడికి సైకిలు తొక్కినదాన్నే. సీటు కిందికి దించి, తిరుపతి కొండెక్కేటప్పుడు కొన్న చుడీదారు తీసి వేసుకున్నాను.

బండిని ట్రాలీ ఆటోలో వేయించి తుర్విహాళ తీసుకెళ్ళాను. రాయచూరు నుంచి వచ్చి అక్కడ సైకిలు షాపు పెట్టుకున్న ఈరన్న దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అయ్యో శివనే! ఏందమ్మా గిది? బ్రేకుకి ఎవలన్న పసుపు పూస్తరా?"

"మీరు కొత్త బండికి పూజ చెయ్యరా ఏంటి?"

"చేస్తం. గని బొట్టు హ్యాండిల్ కాడ పెడ్తం. గీ పళ్ళాన్ని పట్టుకునే బండి ఆగుతది. దీనికి నూనె పెడ్తే ఏం పట్టుకుంటది చెప్పు? ఒట్టిగ జారుతది, లేకుంటె మొత్తుకుంటది." టైరు నొక్కి చూసి మళ్ళీ మొదలుపెట్టాడు. "గాలి సుత రాయి లెక్క కొట్టినరు. గట్టు మీద ఎగిరి పడ్తవు. కొంచెం ఇడిసిపెట్టాలె."

"నేను మందు పంపుతో ఫోర్సుగా కడిగేస్తే నూనె పోదా?"

"వద్దమ్మా, వద్దు! మోటరు ఖరాబైతది. తడిగుడ్డతోని తుడువు, చాలు." ఈరన్న కాసేపు బుర్ర గోక్కున్నాడు. "నిజం చెప్తున్న, గిసొంటి బ్రేకు నేను గూడ విప్పలే ఎప్పుడు. ఫోన్ల చూసుకుంట ఇద్దరం చేద్దాం, కూసో."

కూర్చున్నాం. ఫోనులో ఎవరో హిందీలో చెప్తుంటే ఆపి ఆపి చూస్తూ చేశాం. మందుల షాపు నుంచి స్పిరిట్ తెచ్చి పళ్ళేన్ని నేను తుడిచాను. గుడ్డ పచ్చగా, ఆ తర్వాత నల్లగా, ఆఖరికి తెల్లగా వచ్చేదాకా తుడిచాను. పళ్ళేన్ని రెండు పక్కలా నొక్కిపట్టే చిన్న బిళ్ళలున్నాయి, ప్యాడ్లంటారు. ఈరన్న వాటిని ఉప్పుకాగితంతో రుద్ది వాసన చూశాడు. "నూనె తాగినయమ్మా. ఇగ పనికి రావు. రాయచూర్ల మా దోస్తుకి చెప్పి తెప్పిస్త" అన్నాడు.

నీళ్ళు వదలడానికి ముందురోజు బస్సులో కొత్త ప్యాడ్లొచ్చాయి. వాటిని వేసినంత మాత్రాన సరిపోదట, పళ్ళేనికి మచ్చిక కావాలట. వేగంగా వెళ్ళి మెల్లగా బ్రేకు పట్టాలి, ఆగిపోయేలోపు వదిలేయాలి, మళ్ళీ వెళ్ళాలి. క్యాంపు వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకి అదే పని. అరుగుల మీదవాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వనీ, నా చేను ఎండితే వాళ్ళొచ్చి తడుపుతారా? పొద్దు వాలేసరికి బ్రేకు నొక్కితే ఊపిరి చప్పుడు కూడా లేదు. మా ఆయన ఎడమ చేత్తో చక్రం తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పి చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

నీళ్ళు వదిలిన రెండోనాడు తెల్లవారుతుండగా మా తూము దగ్గరికి వెళ్ళాం. నీళ్ళు చీలమండ కూడా తడపడం లేదు. మా ఆయన పార పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. నేను బండెక్కి గట్టు పట్టుకుని పైకి వెళ్ళాను. లావు టైర్ల కింద మట్టి మెత్తగా నలుగుతోంది. మోటారు చప్పుడు నాకే వినపడటం లేదు. కొంగలు కూడా నేను పక్కకొచ్చేదాకా లేవలేదు.

తుమ్మచెట్ల మలుపు తిరిగి బ్రేకు నొక్కాను. బండి కిక్కురుమనకుండా ఆగింది.

ఎదురుగా గట్టు మీంచి నల్ల పైపొకటి పొలంలోకి దిగుంది. దాని మీద పాదమేసి తొక్కిపట్టి, గొంతుక్కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు మా అన్నయ్య.

నాకు ముందు కోపం రాలేదు. ఈయన కాదు, ఈయనలా ఉన్న ఇంకెవరో అనుకుందామని చూశాను. ఆ తువ్వాలు నేను పెట్టిందే.

"అన్నయ్యా."

ఉలిక్కిపడ్డాడు. చుట్ట నీళ్ళలో పడింది. "నువ్వా శ్యామలా? ఎటునుంచి వచ్చావే?"

"పైపు తియ్యి."

"ఒక్క గంటే అమ్మాయ్. నా పై మడి మెరకలో ఉంది, తూము నీళ్ళు ఎక్కట్లేదు. నెర్రెలు విచ్చింది. నాదీ పొట్ట మీదే ఉందే."

"క్రితం పంటప్పుడూ నువ్వేనా?"

తల దించుకున్నాడు. అప్పుడొచ్చింది నాకు కోపం. "మా చేనంతా తాలైపోతే నా వాకిట్లో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నావు కదయ్యా! అదంతా నాటకమా?"

"నాటకం కాదే" అన్నాడు నెమ్మదిగా. "ఏడుపూ నిజమే. పైపూ నిజమే."

బండి స్టాండు వేసి పైపు పట్టుకుని లాగాను. బరువుకి నా వల్ల కాలేదు. కాసేపటికి ఆయనే లేచి రెండో పక్క పట్టుకున్నాడు. పైపు బయటికొచ్చాక కాలువలో నీళ్ళు అంచులు తాకుతూ కిందికి సాగాయి. ఆ నీళ్ళు మా తూము చేరేదాకా కదలకూడదని గట్టు మీద కూర్చున్నాను. ఆయనా కొంచెం దూరంలో కూర్చున్నాడు.

ఎండ వచ్చాక ఫోను మోగింది. "నీళ్ళొచ్చాయే! తూము నిండా వచ్చాయి! మడిలో పడుతున్నాయి!" మా ఆయన గొంతు గట్టు మీద అందరికీ వినపడేలా ఉంది. "దొరికాడా? ఎవడే?"

అన్నయ్య నా వైపు చూశాడు. చెప్పొద్దని నోటితో అనలేదు. నా నోటి దాకా అబద్ధం వచ్చేసింది. ఎవరో పారిపోయారండీ అంటే అక్కడితో అయిపోతుంది. కానీ అలా అంటే రేపటి నుంచి మా ఆయన పైనున్న ప్రతివాడి మొహంలోనూ దొంగని వెతుక్కుంటాడు. ఆ పక్కనే మా అన్నయ్య నిలబడి అవును బావా అంటూ ఉంటాడు.

"మా అన్నయ్యండీ" అన్నాను.

అటువైపు పార గట్టు మీద పడేసిన చప్పుడు వినపడింది.

"అక్కడే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఇంటికి తీసుకురా. ఆ పైపూ తెమ్మను. టిఫిను తిన్నాక కూర్చుని మాట్లాడుకుందాం. ఆ మెరక మడికి దొంగతనం లేకుండా నీళ్ళెలా ఎక్కుతాయో అదీ చూద్దాం."

అన్నయ్య మొత్తం విన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అది చెమటో కన్నీళ్ళో నేను చూడదలుచుకోలేదు. "ఏ మొహం పెట్టుకుని రానే?" అన్నాడు.

"ఉన్న మొహమే పెట్టుకుని రా. ఇంకోటి ఎక్కణ్ణుంచి తెస్తావు?"

పైపు చుట్ట చుట్టి భుజానికెత్తుకున్నాడు. నేను బండెక్కకుండా నడిపించుకుంటూ ఆయన పక్కనే నడిచాను. క్యాంపులోకి వచ్చేసరికి వాకిళ్ళలో పళ్ళు తోముకుంటున్నవాళ్ళు పుల్లలు నోట్లోనే ఉంచుకుని నిలబడిపోయారు. ఆయన భుజం మీది తడి పైపుని, ఆయన్ని మార్చి మార్చి చూశారు. అన్నయ్య ఎవరి వంకా చూడలేదు. పైపు మాత్రం మా గుమ్మం దాకా దించలేదు.