ఘాటు రాలేదు

మీరా హుస్సేన్ గారింట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచి వంటింటి కిటికీ తెరిచేది కోడలు సిద్దికా. ఆమెకు ఉబ్బసం. ఆ ఇంట్లో ఆమెకు ఊపిరాడే చోటు అదొక్కటే. మామగారిది గుంటూరులో మిరప వ్యాపారం కావడంతో ముందుగదుల నిండా ఎండుమిరప బస్తాలే. ముక్కు మండించే ఆ కోరు ఇంటివాళ్లకి ఏళ్ల తరబడి అలవాటు. సింగరాయకొండ దగ్గర సముద్రపు గాలిలో పెరిగిన పిల్లకి నాలుగేళ్లయినా అలవాటు కాలేదు. "పీల్చే మందు సరే, ముందు మంచి గాలి తగలనివ్వండి" అని డాక్టరు ఆమె భర్త అయూబ్‌కి ఖండితంగా చెప్పాడు. అయూబ్ తలూపాడు. తలూపడంలో అతణ్ణి మించినవాడు లేడు.

ఆ ఏడు సరుకు కదల్లేదు. వాస్తు మన మతంలో లేదనే మీరా హుస్సేన్, చైనావాళ్ల ఫెంగ్ షూయి అయితే సైన్సేనని ఎవరో అనగానే కరుణాకర్ అనే డెకరేషన్ పెద్దమనిషిని పిలిపించాడు. ఆయన దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. నవ్వే బుద్ధుడి బొమ్మ వద్దంటే సరేనన్నాడు. వీధి గుమ్మంలోంచి వచ్చిన శక్తి తిన్నగా వంటింటి కిటికీలోంచి బయటికి పోతోందని మాత్రం తేల్చేశాడు. కిటికీని ఇటుకలతో మూసి, దానిమీద నిలువుటద్దం బిగించాలట.

సిద్దికా భర్తని పక్కకి పిలిచింది.

"అది మూస్తే నేనెక్కడికి పోనండీ?"

అయూబ్ తండ్రి దగ్గరికెళ్లి నోరు తెరిచాడు. అంతలో తల్లి గుల్జార్ బేగం అందుకుంది. "రంగు పోయిన తాలుకాయని ఏరి అవతల పారేస్తాం. ఇంట్లో తాలుని నెత్తిన పెట్టుకోమంటావేంట్రా?" అంది. అయూబ్ మళ్లీ తలూపాడు. సాయంత్రానికల్లా మేస్త్రీ కోటేష్ గోడ కట్టేశాడు.

అద్దం బ్రహ్మాండంగా ఉందన్నారు చూసినవాళ్లంతా. పదో రోజు మధ్యాహ్నం ఆ అద్దం ముందే సిద్దికా కూలబడింది. మందు పీల్చినా ఎగశ్వాస తగ్గలేదు. ఆస్పత్రికి తీసుకెళదామన్నాడు అయూబ్. కొత్త అద్దం మీద పడ్డ కళ్లు దీనికి తగిలాయనీ, ముందు దిష్టి తియ్యనిమ్మనీ అంది తల్లి. అయూబ్ తలూపాడు. మిరపకాయలు కోడలి చుట్టూ తిప్పి సాంబ్రాణి కుంపట్లో వేసింది. ఘాటొస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. ఇది మనందరికీ తెలిసిన నమ్మకమే. కానీ అయ్యా, మిరప బస్తాల మధ్య ముప్పయ్యేళ్లు బతికిన ముక్కుకి ఘాటు ఏం తెలుస్తుంది?

"ఘాటే రాలేదు. ఎంత దిష్టో చూడు" అని గుల్జార్ బేగం ఇంకో గుప్పెడు వేసింది.

గాలి పోయే దారిలేని వంటిల్లు పొగతో నిండిపోయింది. సిద్దికా దగ్గుతూ గోడదాకా పాకింది. కిటికీ ఉండే చోట చేతులతో తడిమింది. అద్దం తగిలింది. మూడో గుప్పెడు పడేసరికి దగ్గు ఆగింది.

"ఇదిగో, నెమ్మదించింది" అంది అత్తగారు.

ఆస్పత్రికి చేరేసరికి ప్రాణం లేదు.

మూడో రోజు పరామర్శకి వచ్చిన కరుణాకర్ రెండు మంచిమాటలు చెప్పి, లేస్తూ అద్దం వంక చూశాడు. కింద వేళ్ల మరకలున్నాయి. అవి శక్తికి అడ్డమని, వెంటనే తుడిపించమని చెప్పాడు. మీరా హుస్సేన్ కొడుకు చేతికి గుడ్డ ఇచ్చాడు.

అయూబ్ ఈసారి తలూపలేదు. పెరట్లోంచి గునపం తెచ్చి అద్దం బద్దలుకొట్టాడు. ఇటుకలు ఒక్కొక్కటే ఊడి పడ్డాయి. వీధి గుమ్మంలోంచి వచ్చిన గాలి బస్తాల మధ్యనుంచి వంటింట్లోకి వచ్చి బయటికి పోయింది. ఆ కిటికీ దగ్గర నిలబడాల్సిన మనిషి లేదు. అయూబ్ గునపం కింద పడేసి భోరున ఏడ్చాడు.

"ఇంట్లో మనిషికి ఊపిరాడితే అదే శక్తి నాన్నా. అది వచ్చే దారి మూసింది కోటేష్ కాదు, తలూపిన నేను."