మైకు గొంతు తగ్గించిన రోజు

లిఫ్టులు బాగుచేసేవాళ్ళలో అతన్ని అందరూ మైకు అంటారు. అది పుట్టుకతో వచ్చిన గొంతు కాదు, పని నేర్పిన గొంతు. లిఫ్టు గోతి అడుగున నిలబడి పైన మోటారు దగ్గరున్న తోటి మెకానిక్కుకి మాట వినిపించాలంటే గొంతు చించుకోక తప్పదు. అక్కడ గుసగుసలాడితే మనిషి చస్తాడు. అలా ఏళ్ళ తరబడి అరిచీ అరిచీ, ఇంటికొచ్చి ఉప్పు డబ్బా ఎక్కడుందని భార్యని అడిగినా పక్కింటివాళ్ళు తెచ్చిచ్చేటట్టు తయారయ్యాడు.

ఆ గొంతే ఇప్పుడు కోర్టుకెక్కింది. విడిగా ఉంటున్న భార్య వేసిన కాగితాల్లో కొట్టాడనీ లేదు, తాగాడనీ లేదు. ఆయన అరుపులకు పాప హడలిపోతోంది, అక్కడికి పంపలేను అని మాత్రం ఉంది. నాలుగేళ్ళ కూతురు బుజ్జమ్మ ఆదివారాలైనా తన దగ్గర ఉంటే చాలని మైకు అడుగుతున్నాడు. ఇవాళ కోర్టులోని పిల్లల గదిలో తండ్రినీ కూతుర్నీ గంటసేపు కూర్చోబెట్టి కౌన్సెలర్ చూస్తుంది. ఆవిడ రాసిందాన్ని బట్టే జడ్జిగారు తేలుస్తారట.

"ఆడించు, నవ్వించు, కబుర్లు చెప్పు," అన్నాడు లాయరు. "గొంతు మాత్రం లేపావో, నీ కేసు నువ్వే ముంచుకున్నట్టు!"

వారం నుంచి అద్దం ముందు నిలబడి గుసగుసలు సాధన చేశాడు పాపం. కుందేలు కథలూ కోతి కథలూ బట్టీ పట్టాడు.

తీరా చూస్తే, తల్లి గుమ్మం దగ్గర వదిలి వెళ్ళగానే బుజ్జమ్మ కళ్ళు నలుపుకుంటూ వచ్చి అతని ఒళ్ళో కూలబడింది. పొద్దున్నే నిద్ర లేపి తెచ్చినట్టున్నారు. "నాన్నా" అని ఒక్క మాట అని, చొక్కా గుండీ పట్టుకుని నిద్రపోయింది.

మైకు ఎటూ తేల్చుకోలేకపోయాడు. లేపితే ఏడుస్తుంది, ఏడిస్తే నాన్నంటే భయమని రాస్తారు. లేపకపోతే తండ్రితో రెండు మాటలైనా మాట్లాడలేదని రాస్తారు.

"లేపనాండీ?" అని గుసగుసగా అడిగాడు.

"ఏమన్నారు? వినపడలేదు."

"పాపని... లేపనా?"

"మీ ఇష్టం," అని కౌన్సెలర్ మళ్ళీ కాగితంలో తల దూర్చింది.

ఆ 'మీ ఇష్టం'లో ఏముందో అతనికి అంతుపట్టలేదు. తన ఇష్టానికే వదిలేస్తే కోర్టుదాకా ఎందుకొస్తాడు? చేయి తిమ్మిరెక్కింది. గంట కరిగిపోతోంది. కుందేలూ కోతీ నోట్లోనే ఉండిపోయాయి. పిల్ల వెచ్చగా ఊపిరి తీస్తుంటే ఎలా లేపుతాడు? లేపలేకపోయాడు.

అంతలో తలుపు భళ్ళున తెరుచుకుంది. ఎవరి కేసో పిలుస్తూ తిరుగుతున్న బంట్రోతు పొరపాటున ఈ గదిలోకి తలపెట్టి ఓ కేక వేశాడు. బుజ్జమ్మ ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది.

"ఏం లేదమ్మా! నాన్న ఉన్నాడుగా, పడుకో!"

గది దద్దరిల్లింది. లిఫ్టు గోతిలో అరిచే గొంతు అది, ఏమాత్రం తగ్గలేదు. మైకు నాలుక కరుచుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇంక ఆదివారాలు లేనట్టే అనుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి ఏడుపు లేదు. బుజ్జమ్మ ముక్కు అతని చొక్కాకి తుడిచేసి, మళ్ళీ అదే గుండీ పట్టుకుని హాయిగా పడుకుంది.

గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. అరుపు విని పరిగెత్తుకొచ్చినట్టుంది. సంచిని గుండెలకు అదుముకుంది.

కౌన్సెలర్ పాపనీ తల్లినీ మార్చి మార్చి చూసింది. "ఈ గొంతుకి పాప భయపడుతుందని రాశారు కదమ్మా?"

ఆమె నిద్రపోతున్న పాప వంక చూసింది. ఏం చెప్పాలో ఆమె లాయరూ నేర్పే ఉంటాడు. అదేమీ చెప్పలేదు.

"దానికి కాదండీ," అంది చివరికి. "నాకు."

మైకుకి పాత రోజులు గుర్తొచ్చాయి. ఉప్పు డబ్బా అడిగినప్పుడల్లా వంటింట్లో ఆమె చేతిలోంచి ఏదో ఒక గిన్నె కిందపడేది. చేతులకి నూనె రాసుకున్నావా అని ఇంకా గట్టిగా నవ్వేవాడు.

"పాపకి భయం లేదని రాస్తాను," అంది కౌన్సెలర్. "ఆదివారాలు మీ దగ్గర ఉండొచ్చని కూడా రాస్తాను."

ఆ మాట వింటే ఎగిరి గంతేస్తానని పొద్దున అనుకున్నాడు. ఇప్పుడు నెమ్మదిగా లేచి, నిద్రపోతున్న పాపను తల్లి భుజాన వేశాడు.

"నాకు తెలీదే," అన్నాడు. సాధన చేసిన గుసగుస కాదది. గొంతే లేవలేదు.

ఆమె పాప వీపు నిమురుతూ నిలబడింది.

"చెప్పానండీ," అంది. "మీరు అరుస్తున్నప్పుడే చెప్పేదాన్ని. మీకు వినపడేది కాదు."