అక్కకు మాత్రమే కనబడిన పేజీ

మా అక్క నడిపే చిన్న లైబ్రరీని మూసేస్తారట. ఆపాలంటే లైబ్రరీ వెబ్‌సైట్‌లో రెండు వందల మంది సంతకాలు చేయాలి. గడువు ఆ సాయంత్రం ఐదు గంటలు. పది రోజులుగా ఒక్క సంతకమూ పడలేదు. నాలుగుంపావుకు నా దుకాణం వదిలి అక్క దగ్గరికి వెళ్లాను.

"అక్కా, నా ఫోన్‌లో ఆ పేజీయే లేదు."

"కళ్లు పెట్టుకుని చూడరా! నా కంప్యూటర్‌లో నిక్షేపంగా ఉంది."

"నువ్వు స్టాఫ్ పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లి చూస్తున్నావు. బయటివాళ్లకి కనబడొద్దా? ఇదేంటి, పైన ‘డ్రాఫ్ట్’ అని ఉంది?"

అక్క ముఖం పాలిపోయింది. రోజూ పేజీని దిద్ది ‘సేవ్’ నొక్కింది కానీ, ఒక్కనాడూ ‘పబ్లిష్’ నొక్కలేదు. సరుకంతా సర్దిపెట్టి, తలుపు తీయకుండానే బేరాల్లేవని ఏడ్చినట్టయింది.

అప్పుడు నొక్కింది ‘పబ్లిష్’. నేను సంతకం పెట్టి, రీడింగ్ హాల్లో ఉన్నవాళ్లందరి చేతా పెట్టించి, వీధిలోకి పరిగెత్తాను. అరగంటలో రెండు వందలంటే నిమిషానికి ఏడుగురు. గిట్టుబాటు కాని లెక్క అని తెలిసీ, నా మాట కాదనలేని ప్రతి దుకాణదారునీ పట్టుకున్నాను.

ఐదు దాటాక అక్క ఫోన్ చేసింది.

"అరవై మూడురా," అంది. "ఇంకా జనం వస్తూనే ఉన్నారు. పేజీయే తీసుకోవట్లేదు."