ఊదేసిన కొవ్వొత్తి

శాలిబండ గల్లీలో, దర్జీ దుకాణాల వెనకాల ఒక చిన్న చర్చి ఉంది. మే నెలలో వచ్చే తల్లుల ఆదివారం నాడు అక్కడొక ఆనవాయితీ. ప్రతి తల్లీ ముందుకు వచ్చి, తనకెంతమంది పిల్లలుంటే అన్ని కొవ్వొత్తులు ఇసుక పళ్లెంలో వెలిగిస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది. ఆ ముచ్చట వెనక ఏముందో వినండి.

పళ్లెం దగ్గర పెత్తనం కృష్ణమ్మది. మనిషికి అరవై ఏడేళ్లు, గొంతుకు పదిహేడు. ఆమె తుమ్మితే యాకుత్‌పురా స్టేషన్‌లో సిగ్నల్ పడుతుందని గల్లీవాళ్లు అంటారు. నేను చూడలేదు గానీ, నమ్మకపోవడానికి కారణమూ కనబడదు.

నిరుడు ఆ వరుసలో రూప వచ్చి నిలబడింది. బస్సు డిపోలో పనిచేసే వెస్లీ భార్య. ఒక కొవ్వొత్తి వెలిగించి ఇసుకలో గుచ్చింది.

“గిదేంది రూపా, ఎవలికి?” అంది కృష్ణమ్మ.

“నా బిడ్డకు, పెద్దమ్మా.”

“మూడు దినాలు గూడ బతకలే. పేరన్న పెట్టకపోతిరి. గిక్కడ బతికున్నోళ్లకే పెడతరు. కడమోళ్ల పిల్లలకు మంచిది గాదు.”

“పాలు తాగింది పెద్దమ్మా. రెండుసార్లు.”

కృష్ణమ్మ వంగి ఉఫ్‌మని ఊదేసింది. మగవాళ్ల వైపు వెస్లీ తల దించుకున్నాడు. ఆ షరతు బైబిల్లో ఏ వాక్యంలో ఉందని ఒక్కరూ అడగలేదు. మళ్లీ ఈ గడప తొక్కననుకుంటూ రూప ఖాళీ చేతులతో వెళ్లిపోయింది. కరెంటు పోతే పనికొస్తుందని, పొదుపరి కృష్ణమ్మ ఆ ముక్కను సంచిలో వేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మబ్బు కమ్మి కరెంటు పోయింది. ఆమె ఆ ముక్క వెలిగించింది. ఆరిపోయింది. కిటికీలు మూసి మళ్లీ వెలిగించింది. మంట కాసేపు నిటారుగా నిలబడి, ఎవరో ఊదినట్టు పక్కకు వంగి ఆరిపోయింది. మూడోసారి, లేచిన పొగలోంచి సన్నని ఏడుపు వినబడింది.

“సీమోనూ, ఎవలి పొల్లరా ఏడుస్తున్నది?”

“పిల్లి గావచ్చు అమ్మా,” అన్నాడు కొడుకు.

పిల్లి కాదు. ఆ ఏడుపు ఆమెకు తెలుసు.

నలభై ఆరేళ్ల కింద ఆమె తొలిచూలు ఆడపిల్ల ఒక్క పగలే బతికింది. అత్త పాతచీరలో చుట్టి తీసుకుపోయింది. “గిది లెక్కల రాదు. పేరు తియ్యకు,” అంది. ఎక్కడ పాతిపెట్టారో చెప్పలేదు. కృష్ణమ్మ నోరు ఆ మాట విన్నది. పాలు వినలేదు. తొమ్మిది రోజులు రవిక తడుస్తూనే ఉంది. తర్వాత ముగ్గురు పుట్టారు. ముగ్గురేనని లోకం అంది, ఆమె కూడా అంది.

ఆ వారమంతా ఏడుపు ఆగలేదు. శనివారం బియ్యం ఏరుతూ రవిక తడిమి చూసుకుంది. పొడిగానే ఉంది. వేళ్లకు మాత్రం పాలవాసన.

చేట పక్కన పెట్టి నేరుగా వెస్లీ ఇంటికి నడిచింది.

“రేపు చర్చికి రా బిడ్డా.”

“నేను రాను, పెద్దమ్మా.”

“నువ్వు రాకుంటే నా పిల్లకు గూడ దిక్కు లేదు,” అని కృష్ణమ్మ గడపలోనే కూలబడింది.

ఆదివారం ఇసుక పళ్లెం మళ్లీ బయటికి వచ్చింది. ఆ ముక్కను కృష్ణమ్మ రూప చేతికిచ్చింది. రూప దాన్ని వెలిగించి ఇసుకలో గుచ్చింది. తాను నాలుగు కొవ్వొత్తులు వెలిగించింది.

“నీకు ముగ్గురే గదనే?” అన్నారెవరో.

“నలుగురు. పోయిన వారం నేను ఊదింది నా పెద్దబిడ్డనే.”

వెనక బెంచీలోంచి సుశీలమ్మ కర్ర ఊతంతో లేచింది. “నాకు ఇంకొకటి ఇయ్యుర్రి.” ఆమె వెనక మరొకరు. కొవ్వొత్తుల డబ్బా ఖాళీ అయింది. ఇన్నేళ్లూ అంతమంది పసికందులు ఆ బెంచీల కింద ఊపిరి బిగబట్టి కూర్చున్నారని ఆనాడే తెలిసింది.

పాస్టరు ప్రేమ్‌రాజ్ అయ్యగారు రాసుకొచ్చిన ప్రసంగం మడిచి జేబులో పెట్టుకున్నారు. “సిలువ మీద కొడుకు పానం పోతున్నది. ఆ గడియల కన్నతల్లి మరియను శిష్యునికి చూపించి ‘ఇదిగో నీ తల్లి’ అన్నది ఆ కొడుకే. బిడ్డ పోతే తల్లితనం పోతదని ఆయన అనలే. అననీకి మనమెవలం?”

తలమీద ఫ్యాన్లు తిరుగుతున్నా ఒక్క మంట కూడా వంగలేదు. నమ్మకపోతే మానండి. ఇది మాత్రం నమ్మండి: దేవుడిచ్చిన తల్లితనాన్ని చావు కూడా వెనక్కి తీసుకోలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి తన పిల్లలెందరో చెబితే, అందులోంచి ఒకరిని తీసేయకండి.