హాల్లో గోదారి

వెంకటదుర్గ కడుపుమంటకి మూలం తణుకులో ఉంది. తోటికోడలు వీరవేణి అక్కడ కొత్తిల్లు కట్టి నేలంతా పాలరాయి పరిపించింది. గృహప్రవేశానికి వెళ్లిన దుర్గ గడప దాటుతుంటే చెయ్యి పట్టుకుని మరీ, "జాగ్రత్తక్కా, జారుద్ది. మీకు గచ్చు అలవాటు కదండీ" అంది. పదిమందిలో అంది. ఆ మాట అన్నంలో రాయిలా తగిలి, దుర్గకి ఆ పూట భోజనం సయించలేదు.

ధవళేశ్వరం తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఆవిడకి సొంతింటి నేల కంటగింపైపోయింది. ముందు ముగ్గుల స్టిక్కర్లు అంటించింది. తడిగుడ్డ పడేసరికి అవి అంచులు లేచి, పనిమనిషి కాళ్లకి అంటుకుని వీధిలోకి షికారు వెళ్లాయి. తర్వాత తివాచీ పరిచింది. మన వానాకాలం సంగతి తివాచీలు నేసేవాళ్లకేం తెలుసు? శ్రావణానికి అది తడిసిన కుక్క వాసన వేసింది. నేలన్నాక తొక్కడానికే కదా, దానికింత సింగారమెందుకన్నాడు మొగుడు శివరామకృష్ణ. కొబ్బరికాయల వ్యాపారికి అంతకన్నా ఏం తోస్తుంది? ఆ వారమంతా ఆయన కూరల్లో ఉప్పు పడలేదు.

ఆఖరికి రాజమండ్రి నుంచి యుగంధర్ అనే కుర్రాడు దిగాడు. నేల మీద బొమ్మ పరిచి, పైన అద్దంలా మెరిసే జిగురు పోస్తాడట. త్రీడీ అట. సముద్రమా, అడవా, ఆకాశమా అని అడిగితే, మన గోదారే వెయ్యమంది దుర్గ. వేశాడు, మహానుభావుడు! గోడ నుంచి గోడ దాకా నీళ్లు, సుడులు, నీళ్లడుగున చేపలు. చూస్తుంటే చీర తడుస్తుందేమోనని భయమేసేలా ఉంది. అది ఆరేదాకా హాలుకి తాళం వేసి, ఇంటిల్లిపాదీ దొడ్డిగుమ్మంలోంచే తిరిగారు.

ఆరగానే దుర్గ సత్యనారాయణ వ్రతం పెట్టి బంధువులందర్నీ పిలిచింది. స్వామి మీద భక్తి లేదని కాదు. వీరవేణి ఆ హాలు మధ్యలో నిలబడి నోరెళ్లబెట్టాలి, అదీ ఆవిడ అసలు మొక్కు.

అందరూ అరుగు మీదికి చేరాక దుర్గ తాళం తీసి తలుపులు బార్లా తెరిచింది. అత్తగారు నూకరత్నం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. కళ్లజోడు సవరించుకుంది. వంగి, గడప అవతలి నీళ్లని వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. రైలు వంతెనెక్కినప్పుడు చేసినట్టే కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల విసిరింది. అది మునగలేదు. టంగుమని దొర్లి సోఫా కిందికి పోయింది.

లోపలికి రండత్తయ్యా అంది దుర్గ. ముసలావిడ చెంపలు వేసుకుంది.

"గోదారమ్మని తొక్కమంటావేంటే? కళ్లు పోవూ?"

ఇంకేముంది! వెనకున్న జనమంతా దణ్ణాలు పెట్టేశారు. పసుపు కుంకాలు పడ్డాయి. నేలన్నాక తొక్కడానికేనన్న శివరామకృష్ణ కూడా జేబులో చిల్లర వెతుక్కున్నాడు. పంతులుగారు మంచి హుషారు మీద ఉన్నారేమో, ఏటి మధ్యలో పీట వెయ్యకూడదని చెప్పి, అరుగునే తీరం చేసేసి అక్కడే వ్రతం మొదలుపెట్టారు. హాలు హాలంతా ఖాళీ. వీరవేణి గడప ఇవతలే నిలబడి అలా చూస్తోంది. దుర్గకి ఏడుపొక్కటే తక్కువ.

నైవేద్యం వేళకి ప్రసాదం తెమ్మన్నారు పంతులుగారు. వంటిల్లు హాలు అవతల ఉంది. దుర్గ గడప మీదుగా ఒక కాలెత్తింది. అందరి చూపులూ ఆ పాదం మీద పడ్డాయి. అత్తగారు దగ్గింది. దుర్గ కాలు వెనక్కి తీసుకుని, అరుగు దిగి, పట్టుచీర పైకెత్తి, పక్కసందు బురద తొక్కుకుంటూ దొడ్డిగుమ్మానికి వెళ్లింది. మళ్లీ అదే బురదలోంచి ప్రసాదం గిన్నెతో వచ్చింది.

కాళ్లమీద నీళ్లు పొయ్యడానికి వీరవేణే చెంబుతో ఎదురొచ్చింది. ఇక వినాల్సిన మాటేదో వినక తప్పదని దుర్గ పళ్లు బిగించింది. వీరవేణి గొంతు తగ్గించింది.

"మా పాలరాయి మీద ఊరంతా నడిచెళ్లిపోయారక్కా. ఒక్కరూ దణ్ణం పెట్టలేదు. ఆ కుర్రాడి నంబరివ్వరా? మేమూ గోదారి వేయించుకుంటాం."

దుర్గ ఆ మొహంలో వెటకారం కోసం వెతికింది. మచ్చుకైనా లేదు. ఉన్నదంతా అచ్చమైన అసూయ. దుర్గ గుండె చెరువైపోవాల్సింది కాస్తా పొంగి పొర్లింది.

"గోదారి మేం వేయించేసుకున్నాం కదమ్మా," అంది. "మీరు కృష్ణ వేయించుకోండి."

ప్రసాదాలు పంచడం అయ్యాక ఖాళీ గిన్నె చంకనెట్టుకుని, మహారాణిలా తలెత్తి, మళ్లీ సందు బురదలోకి దిగింది.